నొప్పి గోలీ వేసుకోవాలా వద్దా? కీళ్ల నొప్పులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టును. మా దగ్గర అందరికంటే ఎక్కువగా వచ్చేది నొప్పి గోలీల కోసం వచ్చేవాళ్లే, పత్తి ఏరే రోజుల్లో, వరి నాట్లప్పుడు మరీ ఎక్కువ. చాలామంది చీటీ తేరు. అయిపోయిన స్ట్రిప్పు ముక్క తెస్తారు, అది కూడా పేరున్న చోట కత్తిరించి ఉంటుంది, చివర "ఫెనాక్" అనే తోక మాత్రం మిగిలి ఉంటుంది. "గివే ఓ పది ఇయ్యి సారూ" అంటారు. అది డైక్లోఫెనాకా, ఎసిక్లోఫెనాకా, దాంతో ఇంకేం కలిసి ఉందో వాళ్లకు తెలియదు, వెనక నలుగురు నిలబడి ఉంటే నాకు చెప్పే తీరిక ఉండదు. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నా. నేను డాక్టరును కాదు, మీకు ఏ మందు పడుతుందో ఇందులో చెప్పను. కానీ నెలల తరబడి నొప్పి గోలీ వాడుతున్నవాళ్లు, ఇంట్లో అమ్మకో నాయినకో తెచ్చిపెడుతున్నవాళ్లు ఇది మొత్తం చదవాలని గట్టిగా కోరుకుంటున్నా.

అసలు ఈ గోలీ ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది?

కీలు వాచినప్పుడు, కండరం పట్టేసినప్పుడు అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పిని, వాపును, వేడిని పెంచేవి అవే. ఈ గోలీలు వాటి తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ పనిచేసేది ఇలాగేనని జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1971లో తేల్చి చెప్పాడు, 1982లో నోబెల్ పంచుకున్నవాళ్లలో ఆయనా ఒకడు.

చిక్కు ఎక్కడంటే, అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడతాయి, కిడ్నీకి రక్తం సరిగా అందేలా చూస్తాయి. వంటింట్లో ఒక నల్లా కారుతోందని మిద్దె మీద ట్యాంకు దగ్గర వాల్వు కట్టేస్తే ఇల్లంతా నీళ్లు ఆగిపోతాయి కదా, ఇదీ అంతే. మోకాలికని వేసుకున్న గోలీ మోకాలి దగ్గరే ఆగదు. కింద రాసినవన్నీ దాదాపు ఈ ఒక్క విషయం నుంచి వచ్చేవే.

షాపులో ఇచ్చే గోలీల్లో ఏది ఏ మందు?

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, పైరాక్సికామ్, నిమెసులైడ్, ఇవన్నీ ఒకే కుటుంబం. పేర్లు వేరు, రంగులు వేరు, డబ్బాలు వేరు, లోపల చేసే పని ఒకటే. కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఇంకో పేరుది వేసుకుంటే రెండు రకాల మందు వాడినట్టు కాదు, ఒకే రకం మందు రెండింతలు మింగినట్టు.

కాంబినేషన్ గోలీలతో ఇంకా గందరగోళం. జీరోడాల్ పి అంటే ఎసిక్లోఫెనాక్ 100 మిల్లీగ్రాములు, పారాసెటమాల్ 325. ఎస్‌పీ అని ఉంటే దానికి సెరాషియోపెప్టిడేజ్ కూడా కలుస్తుంది. వాపు తీస్తుందని దాన్ని కలుపుతారు కానీ దానికి గట్టి రుజువులు లేవు. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రోఫెన్ 400, పారాసెటమాల్ 325. ఇప్పుడు ఒకాయన పొద్దున జీరోడాల్ పి వేసుకుని, మధ్యాహ్నం ఒళ్లు వేడిగా ఉందని డోలో 650 (అదీ పారాసెటమాలే) వేసుకుని, సాయంత్రం పక్కింటాయన ఇచ్చిన కాంబిఫ్లామ్ వేసుకుంటే ఆయన ఒంట్లోకి పోయింది మూడు సార్లు పారాసెటమాల్, రెండు సార్లు నొప్పి మందు. ఆయన లెక్కలో మాత్రం మూడు గోలీలే. 2024 ఆగస్టులో కేంద్రం 156 కాంబినేషన్ మందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది, అందులో ఎసిక్లోఫెనాక్ 50, పారాసెటమాల్ 125 కలిపిన గోలీ కూడా ఉంది. రెండు మూడు మందులు కలిపేస్తే మంచి గోలీ అయిపోదు.

పెద్దవాళ్లకు రోజు మొత్తానికి హద్దు ఉంటుంది: డైక్లోఫెనాక్ అయితే 150 మిల్లీగ్రాములు, ఎసిక్లోఫెనాక్ అయితే 100వి రెండు. అది హద్దు, అంత వేసుకోమని కాదు. వయసు మీద పడ్డవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు డాక్టర్లు అంతకంటే తగ్గించే రాస్తారు.

నాకున్నది అరుగుదలా, వాతమా? రెండింటికీ ఇదే గోలీ కదా?

గోలీ ఒకటే కావచ్చు, జబ్బు ఒకటి కాదు. నన్నడిగితే నొప్పి గోలీ కొనేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

యాభై దాటాక మోకాలు నొప్పి పుట్టి, నడిస్తే, మెట్లెక్కితే ఎక్కువై, కూర్చుంటే తగ్గుతుంటే అది చాలావరకు అరుగుదల. పొద్దున లేవగానే కాస్త బిగుసుకుపోయినట్టు ఉండి పది పదిహేను నిమిషాలు నడిచేసరికి వదులవుతుంది. రుమటాయిడ్ అంటే కీళ్లవాతం అలా కాదు. చేతివేళ్ల కణుపులు, మణికట్లు రెండు వైపులా వాస్తాయి, పొద్దున పిడికిలి బిగుసుకోదు, జడ వేసుకోవడానికి చేతులు లేవవు, ఈ బిగుతు గంట దాటినా వదలదు. ముప్పై నలభై ఏళ్ల ఆడవాళ్లలో కూడా వస్తుంది. "పని ఎక్కువై చేతులు గుంజుతున్నయ్" అని వాళ్లు ఏళ్లకు ఏళ్లు నొప్పి గోలీ మీదే నెట్టుకొస్తుంటారు. కీళ్లవాతంలో నొప్పి గోలీ నొప్పిని మాత్రమే కప్పుతుంది, కీలు లోపల తినేయడం ఆగదు. దాన్ని ఆపే మందులు వేరు, మెథోట్రెక్సేట్ లాంటివి, ఎంత తొందరగా మొదలుపెడితే అన్ని కీళ్లు మిగులుతాయి. ఒక మాట, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకునే గోలీ. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీలో వారంలో ఏ రోజు అని రాశారో రెండుసార్లు చూసుకోండి.

ఇంకొకటి గౌట్. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. దీనికి నొప్పి గోలీ కొన్ని రోజులు బాగానే పనిచేస్తుంది, కానీ మళ్లీ మళ్లీ వస్తుంటే యూరిక్ యాసిడ్ తగ్గించే మందు గురించి డాక్టరుతో మాట్లాడాలి. బీరు, సారా, మాంసం ఎక్కువైతే పెరుగుతుంది, కొన్ని బీపీ గోలీల్లో ఉండే థయాజైడ్ మందు వల్లా పెరుగుతుంది.

మాది ఫ్లోరైడ్ ఊరు. నడుం వంగదు, మెడ తిరగదు. ఏళ్ల నుంచి గోలీలే దిక్కు. ఏం చేయాలి?

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చేవాళ్లు నన్ను ఇది అడిగినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే తప్పు వాళ్ల వైపు ఇసుమంతైనా లేదు. బోరు నీళ్లు తాగడమే వాళ్లు చేసింది.

ఫ్లోరోసిస్‌లో జరిగేది వేరు. ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుంటుంది, ఎముక మందమవుతుంది, కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడి ఎముకలా మారతాయి, వెన్ను ఒకే కర్రలా బిగుసుకుపోతుంది. అలా గట్టిపడ్డదాన్ని ఏ నొప్పి గోలీ కరిగించలేదు. నొప్పి కొంత తగ్గించగలదు, అంతే. దానికి బదులు తీసుకునేది మాత్రం ఎక్కువ, ఎలాగో చెప్తా.

ఒంట్లోకి వచ్చిన ఫ్లోరైడ్ బయటికి పోయే ప్రధాన దారి మూత్రం, అంటే కిడ్నీలే. కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లో ఇంకా ఎక్కువగా మిగిలిపోతుంది. నొప్పి గోలీ ఏళ్ల తరబడి వాడితే దెబ్బతినేది ఆ కిడ్నీలే. ఫ్లోరైడ్ నొప్పికని మింగిన గోలీ ఫ్లోరైడ్‌ను బయటికి పంపే దారినే మూసేస్తుంటే అంతకంటే అన్యాయం ఏముంటుంది? అందుకే ఈ ఊళ్లవాళ్లు నొప్పి గోలీ విషయంలో మిగతావాళ్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష, వీళ్లకు తప్పనిసరి.

చేయగలిగింది కొంత ఉంది. తాగే నీళ్లు, వండే నీళ్లు రెండూ మంచివై ఉండాలి. మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు నల్లాకు వస్తున్నాయి కదా, వాటినే వాడండి, బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయని వాటికి మళ్లకండి. బోరు నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పాలు, పెరుగు, రాగులు, గుడ్డు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ, అంటే కాల్షియం, సి విటమిన్ దొరికే తిండి సాయం చేస్తుంది. తిండి సరిగా లేని ఒంట్లో ఫ్లోరోసిస్ ముదురుతుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో పట్టు తప్పడం, మూత్రం ఆపుకోలేకపోవడం మొదలైతే వెన్నులో నరం నొక్కుకుపోయిందేమో చూడాలి, అప్పుడు గోలీ మార్చుకుంటూ కూర్చోకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

బీపీ గోలీ, షుగర్ గోలీ వాడుతున్నా. నొప్పి గోలీ కూడా వేసుకోవచ్చా?

అడిగినందుకు మెచ్చుకోవాలి, ఎందుకంటే చాలామంది అడగరు. నొప్పి గోలీ బీపీని పెంచుతుంది, బీపీ గోలీ పనిని తగ్గిస్తుంది, ఒంట్లో ఉప్పు నీరు నిలిపి కాళ్లు వాచేలా చేస్తుంది. "గోలీ వేసుకుంటున్నా బీపీ దిగుత లేదు" అనేవాళ్లను నేను మొదట అడిగేది నొప్పి గోలీ వాడుతున్నారా అనే.

అంతకంటే ప్రమాదకరమైనది మూడు మందుల కలయిక. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ గోలీ ఒకటి, మూత్రం ఎక్కువ పోయేలా చేసే గోలీ ఒకటి, దానికి తోడు నొప్పి గోలీ. ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీ ఒక్కసారిగా కుదేలు కావచ్చు. మూత్రం గోలీ విడిగా ఉండక్కర్లేదు, టెల్మిసార్టాన్ పక్కన "హెచ్" అని ఉంటే చాలా వరకు హైడ్రోక్లోరోథయాజైడ్ అందులోనే కలిసి ఉంటుంది, అంటే మూడింట్లో రెండు ఒకే గోలీలో ఉన్నాయన్నమాట, మూడోది మీరు తెలియక కలుపుతున్నారు. ఎండాకాలంలో ఇది మరీ ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో ఉపాధి హామీ పనికో స్లాబు పనికో పోయి, చెమట కారిపోయి, నీళ్లు సరిగా తాగక, రాత్రి ఒళ్లు నొప్పులకు రెండు గోలీలు మింగితే కిడ్నీకి ఊపిరాడదు. వాంతులు, విరేచనాలు అవుతున్న రోజున నొప్పి గోలీ జోలికే పోకండి, బీపీ గోలీల సంగతి కూడా డాక్టరును అడగండి.

షుగర్ ఉన్నవాళ్లకు కిడ్నీ లోలోపలే దెబ్బతింటూ ఉండొచ్చు, బయటికి ఏమీ తెలియదు. సగానికి పైగా పోయే దాకా చాలామందికి లక్షణమే ఉండదు. అందుకే "నాకేం కాలేదు, ఐదేళ్ల నుంచి వాడుతున్నా" అనే మాటను నేను నమ్మను, పరీక్ష కాగితాన్ని నమ్ముతా.

గుండెకు స్టెంటు పడింది. మోకాళ్లు నొప్పి. ఏది వాడాలి?

మీ గుండె డాక్టరును అడగకుండా ఏదీ వాడొద్దు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు వాటి మీద నొప్పి గోలీ వేసుకుంటే కడుపులో రక్తం కారే ప్రమాదం బాగా పెరుగుతుంది. పైగా ఇబుప్రోఫెన్ ఆస్పిరిన్ పనికి అడ్డుపడుతుంది. ఈ కుటుంబం మొత్తం మీద గుండెపోటు ముప్పు ఎంతో కొంత ఉంది. రోఫెకాక్సిబ్ అనే మందు కడుపుకు మంచిదని బాగా అమ్ముడుపోయింది, గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలాక 2004లో తయారుచేసిన కంపెనీయే ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ విషయంలో గుండె జబ్బు ఉన్నవాళ్లకు గట్టి హెచ్చరికే ఉంది. బీపీ అదుపులో లేనివాళ్లు ఎటోరికాక్సిబ్ వాడకూడదు.

గ్యాస్ గోలీ తోడు వేసుకుంటున్నా, ఇంక భయం లేదు కదా?

కడుపు వరకు చాలా మేలు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి పొద్దున తిండికి అరగంట ముందు వేసుకుంటే పుండ్లు పడే ప్రమాదం బాగా తగ్గుతుంది. అరవై దాటినవాళ్లు, ఇదివరకు అల్సర్ వచ్చినవాళ్లు, ఆస్పిరిన్ వాడేవాళ్లు నొప్పి గోలీ వాడక తప్పకపోతే ఇది తప్పకుండా తోడు ఉండాలి. కానీ గ్యాస్ గోలీ కిడ్నీని కాపాడదు, గుండెను కాపాడదు. ఈ తేడా చాలామందికి ఎవరూ చెప్పలేదు.

సూది వేయించుకుంటే కడుపులోకి పోదు కదా, గోలీ కంటే నయం కదా?

కాదు. మందు రక్తంలోకి చేరాక ఎటు నుంచి వచ్చిందనేది కడుపుకు పట్టదు. సూది ద్వారా పోయిన డైక్లోఫెనాక్ కూడా ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతుంది, కడుపులో పుండు అలాగే పడుతుంది, కిడ్నీకి అదే దెబ్బ. దానికి అదనంగా పిరుదులో తప్పు చోట గుచ్చితే కాలికి పోయే పెద్ద నరం దెబ్బతిని పాదం లేవకుండా పోవచ్చు. చీము గడ్డలు కట్టొచ్చు. కిడ్నీలో రాయి నొప్పో, అలాంటి తట్టుకోలేని నొప్పో వచ్చిన రోజు ఆసుపత్రిలో సూది వేయడం వేరు, పనికి పోవాలని వారానికి రెండు సూదులు వేయించుకోవడం వేరు. "సూదేస్తేనే డాక్టరు" అనే మాట మన పల్లెల నుంచి పోవాలి.

ఊళ్లో ఇచ్చే చిన్న తెల్ల గోలీతో, పొట్లం పొడితో రెండు రోజుల్లో లేచి తిరుగుతున్నా. అదేం మందు?

పేరు లేని పొట్లంలో ఏముందో నేను చూసి చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఏళ్ల నుంచి ఉన్న నొప్పి రెండు రోజుల్లో మాయమై, ఆకలి బాగా వేసి, ఒళ్లు తేలికైందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అని అనుమానించాలి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, ఇవి స్టెరాయిడ్లు. "వనమూలికలు" అని చెప్పి అమ్మే పొడుల్లోనూ వీటిని కలిపిన సంగతులు పరీక్షల్లో బయటపడ్డాయి.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. సరైన జబ్బుకు, సరైన మోతాదులో, డాక్టరు కనిపెట్టి చూస్తుంటే ప్రాణాలు నిలబెడుతుంది. పేరు చెప్పకుండా నెలల తరబడి ఇవ్వడమే ఘోరం. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరిగి కాళ్లూ చేతులూ సన్నబడతాయి, తోలు పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది, షుగర్ లేనివాళ్లకు షుగర్ వస్తుంది, ఎముక గుల్లబారుతుంది, తుంటి కీలుకు రక్తం అందక చచ్చుపడుతుంది. నొప్పి పోయిందనుకుని ఇచ్చినవాళ్లకు దండం పెట్టి వచ్చిన మనిషి రెండేళ్లకు తుంటి మార్పిడి కోసం అప్పు వెతుక్కోవాల్సి రావచ్చు.

ఇక్కడొక మాట బాగా గుర్తుంచుకోండి. ఇది చదివి భయపడి ఆ గోలీని రేపటి నుంచే బంద్ చేయకండి. వారాల తరబడి స్టెరాయిడ్ వేసుకున్న ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోను ఆగిపోయి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, స్పృహ తప్పొచ్చు. ఆ పొట్లాన్నే పట్టుకుని ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి పొండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెప్తారు.

జెల్ రాస్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా, లేక పైపై చల్లదనమేనా?

నిజంగా ఉపయోగం ఉంటుంది, మోకాలికి, చేతివేళ్లకు మరీను. డైక్లోఫెనాక్ జెల్ రాసినప్పుడు రక్తంలోకి చేరే మందు గోలీతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదు. అరుగుదల మోకాళ్లకు గోలీ కంటే ముందు జెల్ వాడి చూడమని అంతర్జాతీయ వైద్య సంఘాల మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఎక్కడ చెడుతుందంటే, మనవాళ్లు పప్పుగింజంత తీసి ఒక్కపూట రాసి "దీంతో ఏం కాలేదు" అంటారు. మోకాలు మొత్తం పట్టేంత తీసుకుని, రోజుకు మూడు నాలుగు సార్లు, కనీసం రెండు వారాలు రాయాలి. గట్టిగా రుద్దక్కర్లేదు. రాసిన చోట వేడి కాపడం పెట్టొద్దు, గుడ్డ బిగించి కట్టొద్దు, పుండు మీద రాయొద్దు. నడుం, తుంటి లోతుగా ఉండే చోట్లు కాబట్టి అక్కడ అంత పనిచేయదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు జెల్‌కు కూడా డాక్టరును అడగాలి.

పారాసెటమాల్ మంచిదంటారు, కానీ నాకు పనిచేయట్లేదు.

అది వాపు తగ్గించే మందు కాదు, నొప్పి, జ్వరం తగ్గించేది. మోకాలి అరుగుదలలో దాని ఫలితం తక్కువే, ఉన్నమాటే చెప్పాలి. కానీ కిడ్నీ, గుండె, కడుపు సంగతి చూస్తే అన్నింట్లోకి తక్కువ హాని చేసేది అదే, అందుకే పెద్దవాళ్లకు మొదట దాన్నే రాస్తారు. రోజుకు 3 గ్రాములు దాటకుండా చూసుకోవడం మంచిది, అంటే 650వి నాలుగు దాటొద్దు. రోజూ తాగే అలవాటున్నవాళ్లకు లివర్ దెబ్బతింటుంది కాబట్టి ఇంకా తక్కువ, డాక్టరును అడిగి.

గోలీ వేసుకోకపోతే పనికి పోలేను. పనికి పోకపోతే ఇల్లు గడవదు. అప్పుడు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు "నొప్పి గోలీలు మానేయండి" అని ఊరికే చెప్పి పంపడం న్యాయం కాదని నా అభిప్రాయం. మగ్గం గుంతలో కాళ్లాడిస్తూ రోజంతా వంగి కూర్చునే చండూరు, గద్వాల నేతన్నకు, బెంగళూరులో ఇటుకలు మోసి వచ్చిన పాలమూరు కూలీకి, నాట్లలో నడుం ఎత్తని అక్కకు నొప్పి నిజం, కూలీ పోతే పస్తు నిజం. నొప్పితో నిద్ర లేకుండా ఉండటం, కదలకుండా పడుకోవడం కూడా ఆరోగ్యానికి చెరుపే. కాబట్టి గోలీ వాడే సందర్భాలు ఉంటాయి. వాడే పద్ధతి ఒకటి ఉంది, అంతే.

రోజూ అలవాటుగా కాకుండా నొప్పి బాగా పెరిగిన నాలుగైదు రోజులు వాడి ఆపడం. పని చేసే అతి తక్కువ మోతాదు చూసుకోవడం, ఒక గోలీతో పని నడిస్తే రెండోది జోలికి పోకపోవడం. తిన్నాకే వేసుకోవడం, నీళ్లు బాగా తాగడం, తాగుడు రోజున వేసుకోకపోవడం. వారం పది రోజులు దాటి అవసరం పడుతోందంటే అది గోలీతో తేలే నొప్పి కాదు, కారణం చూపించుకోవాలి. నెలల తరబడి వాడక తప్పదని డాక్టరే రాస్తే (వెన్ను బిగుసుకుపోయే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వాతంలో అలా రాస్తారు, అక్కడ ఈ గోలీలే మొదటి వైద్యం) అప్పుడు మొదలుపెట్టే ముందు, తర్వాత కొన్ని వారాలకు, ఆ పైన డాక్టరు చెప్పినప్పుడల్లా బీపీ, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చూపించుకుంటూ వాడాలి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ రక్త పరీక్షలు ఉచితంగానే చేస్తారు, డాక్టరు రాయాలి, మీరు అడగాలి.

గోలీ కాకుండా నిజంగా పనిచేసేవి ఏమున్నాయి?

మోకాలికైతే తొడ కండరానికి బలం. మంచం అంచునో కుర్చీలోనో కూర్చుని, ఒక కాలు మెల్లగా ముందుకు నిటారుగా చాపి, తొడ బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పది సార్లు, రోజుకు రెండు పూటలా. మొదటి వారం తేడా కనిపించదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇది నొప్పి గోలీతో సమానంగా పనిచేస్తుంది, హాని లేదు, అయినా సగం మంది రెండో వారంలోనే వదిలేస్తారు. దయచేసి వదలకండి.

బరువు ఎక్కువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే అడుగేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోవడం తగ్గించండి, కూరగాయలు కోయడానికి ఎత్తు పీట పెట్టుకోండి, బాత్రూమ్‌లో కమోడ్ స్టూలు పెట్టుకోండి. నొప్పి ఏ కాలికి ఉందో దానికి ఎదుటి చేతిలో కర్ర పట్టుకోవాలి, చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. గ్లూకోసమైన్ గోలీలకు నెలకు వందలు ఖర్చు పెట్టేవాళ్లకు ఒక మాట, వాటికి గట్టి రుజువు లేదు, ఆ డబ్బుతో పాలు, గుడ్లు కొనుక్కోండి.

జ్వరం వచ్చింది, ఒళ్లంతా నొప్పులు. నొప్పి గోలీ ఇవ్వండి.

ఇవ్వను. వర్షాకాలంలో ఆ జ్వరం డెంగీ అయితే ఈ గోలీలు రక్తస్రావాన్ని పెంచుతాయి. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ ఒక్కటే. చికున్‌గున్యా అయితే జ్వరం తగ్గాక కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు, 2006లో మన దగ్గర ఊళ్లకు ఊళ్లు మూలిగిన సంగతి పెద్దవాళ్లకు గుర్తే. దానికి డాక్టరు సలహాతో ఈ గోలీలు కొన్నాళ్లు వాడతారు, మూడు నెలలు దాటినా వాపు తగ్గకపోతే కీళ్లవాతం పరీక్షలు చేయించుకోవాలి.

గర్భంతో ఉన్నవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు?

గర్భం అయితే ఐదో నెల నుంచి అసలే వద్దు, బిడ్డ కిడ్నీకి, గుండెకు ప్రమాదం. అంతకు ముందైనా డాక్టరును అడక్కుండా వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి ఈ గోలీతో ఆయాసం ఎగదన్నుతుంది, ఒకసారి అలా అయితే ఈ కుటుంబంలో ఏదీ వాడొద్దు.

ఎవరికి చూపించుకోవాలి? ఏం పట్టుకుపోవాలి?

ముందు మీ పీహెచ్‌సీ, పల్లె దవాఖానా. అక్కడి నుంచి నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, ఎముకల డాక్టరు, జనరల్ మెడిసిన్ డాక్టరు ఇద్దరూ ఉంటారు. కీళ్లవాతం అనుమానం ఉంటే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. ఇంట్లో ఉన్న గోలీలన్నీ, అంటే బీపీవి, షుగర్‌వి, పొట్లాలు, పసరు సీసాతో సహా ఒక సంచిలో వేసుకుని పొండి. తిడతారని దాచొద్దు. "ఈ గోలీ ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపాలి, నా కిడ్నీకి సరిపోతుందా" అని మూడే ప్రశ్నలు అడగండి, జవాబు చీటీ మీద రాయించుకోండి.

ఏం జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి?

దొడ్డికి తారులా నల్లగా, జిగటగా వస్తే (ఐరన్ గోలీ వాడేవాళ్లకు నల్లగా వస్తుంది కానీ తారులా జిగట, వాసన ఉండవు). కాఫీ పొడి రంగులో వాంతి అయితే. మూత్రం బాగా తగ్గిపోతే, ముఖం, పాదాలు ఉబ్బితే. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, మాట తడబడటం. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం. ఒక్క కీలు ఎర్రగా వేడిగా వాచి దాంతోపాటు చలి జ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు, గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు అది. వీటిలో ఏది కనిపించినా ఇంకో గోలీ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి, ఏ నొప్పి గోలీ ఎన్ని రోజులు వేసుకున్నారో అంబులెన్సు వాళ్లకు, డ్యూటీ డాక్టరుకు మొదటి మాటగానే చెప్పండి.